మల్లి ఎడమ ముందరి కాలు

మల్లిని కుంటిదాన్ని చేసినవాడు నా బావమరిది నెల్సన్. ఇందులో రెండో మాట లేదు.

మల్లి మా తెల్ల గుర్రం. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పెళ్లికొడుకులను మోసేది. మేపేది నేను, ఊరేగింపులకు తోలుకెళ్లేది నెల్సన్. నా భార్య సువర్ణ పోయి రెండేళ్లయింది. వాడు ఆమె తమ్ముడు.

ఆ శుక్రవారం పొద్దున మల్లి దాణా ముట్టలేదు. ఎడమ ముందరి కాలు చాపి, గిట్ట కొస మాత్రం నేలకు ఆనించి నిలబడింది. గిట్ట పట్టుకుంటే కాలిపోతోంది. ఐదు రోజుల కిందటే కొత్త లాడం కొట్టించాం.

"ఇవాళ ఇది కదలదు," అన్నాను.

"గణపవరంలో పాండురంగారావుగారికి మాటిచ్చామండీ బావా. సాయంత్రం ఊరేగింపు. కాలు బిగుసుకుందంతే, నాలుగడుగులు వేస్తే అదే సర్దుకుంటుంది."

"నడిపించావంటే నీ కాలు విరుగుతుంది."

"మీ నోటికి మాత్రం ఏ నొప్పీ రాదు," అని నవ్వాడు.

గుర్రాల కాళ్లు తెలిసిన డాక్టరమ్మ సత్యవేణిగారు ఏలూరులో ఉంటారు. ఫోను ఎత్తలేదు. బస్సెక్కాను. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేక నిలబడే వెళ్లాను. ఆమె పని ముగించుకుని నన్ను కారులో ఎక్కించుకుని వచ్చేసరికి నాలుగు దాటింది. పాక ఖాళీ. కట్టుతాడు నేల మీద పడి ఉంది.

అదే కారులో గణపవరం వెళ్లాం. చేపల చెరువుల పక్క తారురోడ్డు మీద ఊరేగింపు ఎదురైంది. బ్యాండు మోగుతోంది. మల్లి ఎడమ కాలు ఎత్తుతోంది, ఆనించలేక మళ్లీ ఎత్తుతోంది. జనం ఈలలు.

"గుర్రం డ్యాన్సు చూడండ్రా!" అని ఒకడు అరిచాడు. "ఇంకా ఫాస్టు కొట్టండి మాస్టారూ!"

బ్యాండువాళ్లు వేగం పెంచారు. మల్లి మెడంతా చెమట. కళ్లెం పట్టుకున్న నెల్సన్ కూడా నవ్వుతున్నాడు.

పెళ్లికొడుకును చెయ్యి పట్టి దింపేశాను.

"ఏవండీ, ఇదేం పద్ధతండీ?" అన్నారు పాండురంగారావుగారు.

"అది డ్యాన్సు కాదండీ. నొప్పి."

బ్యాండు ఆగిపోయింది.

రోడ్డు పక్కనే డాక్టరమ్మ లాడం మేకులను సుత్తితో ఒక్కొక్కటే తట్టారు. మూడో మేకు దగ్గర మల్లి కాలు లాక్కుంది. మేకు పీకగానే నల్లటి చీము కారింది.

"మేకు లోపలి కండలోకి దిగిందండీ. రెండు మూడు రోజులుగా గిట్ట వేడిగానే ఉండుంటుంది. అప్పుడే చూసుంటే ఇంతదాకా వచ్చేది కాదు. రోజూ గిట్టలు పట్టుకుని చూడరాండీ మీరు?"

నేను మల్లి మెడ మీది చెమట తుడవసాగాను.

"అక్క చూసేదండీ," అన్నాడు నెల్సన్ తల వంచుకుని. "రోజూ పొద్దున్నే, నాలుగు కాళ్లూ. అక్క పోయాక ఎవరూ చూడట్లేదు."

ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లలో కాలు ముంచాను. కట్లు మార్చాను. పొడి ఇసుక మీద నిలిపాను. మూడు నెలలు. చీము ఎముక దాకా పోయిందన్నారు డాక్టరమ్మ. మల్లి ఇక మనిషిని మోయదు.

ఇప్పుడు రోజూ పొద్దున నాలుగు గిట్టలూ పట్టుకుని చూస్తున్నాను. చల్లగానే ఉంటాయి.

ఆదివారం చర్చి అయ్యాక నెల్సన్ వచ్చి గుమ్మంలో నిలబడతాడు. "తప్పయిపోయింది బావా," అంటాడు. నేను తలుపు వేసేస్తాను. గుర్రాన్ని తోలుకెళ్లినందుకైతే ఏనాటికైనా క్షమించేవాడినేమో. డాక్టరమ్మ ముందు అన్న ఆ మాటకు క్షమించను. ఆ మాట నిజం. దాని గురించి వాడితో గానీ మరొకరితో గానీ ఇక మాట్లాడను.