పొడుగు చేతుల జాకెట్లు

మా అత్తగారికి పదకొండు జాకెట్లున్నాయి. పదకొండూ పొడుగు చేతులవే. మణికట్టు దగ్గర గుండీ, భుజం దగ్గర కుచ్చులు. చెమటకి ఒళ్ళు ఉడికిపోయే ఈ సాల్వడోర్ ఊళ్ళో డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి మణికట్టు దాకా గుడ్డ వేసుకుని తిరుగుతుందంటే చర్చిలో అందరికీ ఎంత మెప్పో చెప్పలేను. "సోదరి ఎరొనీదెస్‌ని చూసి నేర్చుకోండమ్మా, ఒళ్ళు కప్పుకోవడమంటే అదీ" అంటారు పాస్టరుగారు. నేర్చుకోవాల్సింది వాళ్ళు, ఇస్త్రీ చెయ్యాల్సింది నేను. ఆ భుజం కుచ్చుల్లోకి ఇస్త్రీపెట్టె ముక్కు దూర్చి మడత పడకుండా తిప్పడం ఎంత చిరాకు పనో చేసినవాళ్ళకే తెలుస్తుంది. పధ్నాలుగేళ్ళ నుంచి ప్రతి శనివారం చేస్తున్నాను. ఒక్క శనివారం కూడా "పొట్టి చేతులవి కుట్టించుకోకూడదా అత్తయ్యా" అని అడగలేదు. సిగ్గరి మనిషి అనుకున్నాను, అంత తెలివి నాది.

నా పేరు జెనీల్దా. ప్లాటాఫార్మా బస్టాపు దగ్గర అకరజె అనే అలసంద వడలు వేయించి అమ్ముతాను. తెల్లారేసరికి అలసందలు నానబెట్టి, పిసికి, పొట్టు తియ్యాలి. ఒక్కో గింజకీ ఉన్న ఆ నల్ల కన్ను కూడా పోవాలి, లేకపోతే పిండి మచ్చలు పడుతుంది. రుబ్బాలి, ఉల్లిపాయ కలిపి చెయ్యి నొప్పెట్టేదాకా గిలకొట్టాలి, రొయ్యలు ఒలవాలి, ఎర్ర నూనె కాచాలి. మధ్యలో అత్తగారి గంజి, మా ఆయన చొక్కాలు, ఇల్లు. మా ఆయన ఎడ్వాల్దో సాయంత్రం అయిదింటికి బండి దగ్గరికొచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. డబ్బులు తీసుకోవడం, చిల్లరివ్వడం ఆయన వంతు. ఎవరైనా పలకరిస్తే "మా వ్యాపారం ప్రభువు దయవల్ల బాగానే ఉంది" అంటాడు. ప్రభువు దయ సరే, నా రెక్కల సంగతి ఒక్కసారైనా ఎత్తొచ్చు కదా! నడుం పట్టేసిందని ఒకసారంటే, "కూర్చుని చేసుకునే పనేగా జెనీ" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు.

ఆ బస్టాపు మూల నాకు మా అమ్మమ్మ బిబియానా నుంచి వచ్చింది. తెల్ల గౌను, తెల్ల తలపాగా, మెడలో ఎర్రపూసల దండ వేసుకుని ఆవిడ అక్కడే నలభై ఏళ్ళు కూర్చుంది. మొదటి వాయిలో ఏడు చిట్టి అకరజెలు వేయించి, వీధుల్ని కాసే దేవుడు ఎషుకి రోడ్డు మీద వేసేదాకా ఎంత మంది నిలబడ్డా ఒక్కటి అమ్మేది కాదు. అమ్మమ్మ తల మీద దేవత ఒయా, గాలికీ మెరుపుకీ తల్లి. మా ముత్తాతల్ని గొలుసులేసి ఓడల్లో తెచ్చినప్పుడు ఒంటి మీద గుడ్డ కూడా లేనివాళ్ళు తలల్లో దాచుకుని తెచ్చుకున్న దేవతల్లో ఆవిడొకతె. అకరజె ఆవిడ నైవేద్యం. ఇప్పుడు నా బండి మీద "యేసు వడలు" అని బోర్డుంది. అది రాయించింది మా ఆయన, రాయించమన్నది మా అత్తగారు. ఏడు చిట్టివి వెయ్యడం మాన్పించింది కూడా ఆవిడే. అమ్మమ్మ పోతూ పోతూ నాకిచ్చిన పింగాణీ గిన్నె, అందులో నీళ్ళలో ఉండే నల్లరాయి, అదే ఆవిడ ఒయా. పెళ్ళయిన మూడో నెల్లో నేను బజారుకి వెళ్ళొచ్చేసరికి ఆ గిన్నె పెరట్లో ముక్కలై ఉంది. రాయి లేదు. "దయ్యాన్ని పెట్టుకుని నా కొడుకు పక్కన పడుకుంటావా?" అంది అత్తగారు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఏడ్చాను, ఊడ్చాను, రాత్రికి వంట చేశాను.

అమ్మమ్మ దండ మాత్రం మిగిలింది. దాన్ని వంటగది తొట్టి కింద, అంట్లు తోమే పీచుల డబ్బాలో దాచాను. ఈ ఇంట్లో నా చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ వెళ్ళని చోటు అదొక్కటే. పధ్నాలుగేళ్ళు భద్రంగా ఉంది. పోయిన నెలలో గొట్టం పగిలి వంటిల్లు చెరువైంది. నేను బండి దగ్గరున్నాను. మా ఆయన పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తొట్టి కింద చెయ్యి పెట్టాడు, దండ చేతికొచ్చింది.

తెంపలేదు. అరవను కూడా లేదు. సంతోషంగా తీసుకెళ్ళి పాస్టరుగారికి చూపించాడు. ఆయన ఇంకా సంతోషించాడట. ఆదివారం ఆరాధనలో సోదరి జెనీల్దా సాక్ష్యం చెప్పాలి, అందరి ముందూ తన చేత్తో ఆ దండ తెంచి ప్రభువు పాదాల దగ్గర వెయ్యాలి, ఆ రోజే ఎడ్వాల్దోని సంఘ పెద్దగా నిలబెడతారు. "ఇల్లు శుభ్రంగా ఉన్నవాడే కదా పెద్ద అవ్వాలి" అన్నారట. ఇల్లు శుభ్రం చేసేదెవరో ఆయనకి తెలియదు, పాపం.

"రెండు నిమిషాల పని జెనీ," అన్నాడు మా ఆయన, గంజి తాగుతూ. "మైకు పట్టుకుని నాలుగు మాటలు, ఒక్క కత్తెర దెబ్బ. నా కోసం ఆ మాత్రం చెయ్యలేవా?"

"ఆమెన్" అంది అత్తగారు, మంచం మీంచి. దండ ఆదివారం దాకా ఆవిడ దగ్గరే ఉంటుందని తేల్చారు. నన్నెవరూ అడగలేదు.

అత్తగారు మంచం ఎక్కి అప్పటికి మూడు వారాలు. వానలకి మా వీధి మెట్లన్నీ పాచి పట్టాయి. జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజునే మా ఆయన "ఆడవాళ్ళ విషయం, నువ్వే చూసుకో" అనేసి బయటికెళ్ళాడు. అప్పటి నుంచి ఆవిడ ఒళ్ళు కడగడం కూడా నా పనే. అక్కడా పొడుగు చేతులే. స్నానానికి కూడా పాత నైటీ ఒకటి, మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని కుర్చీలో కూర్చునేది. "అలాగే నీళ్ళు పొయ్యి. విప్పొద్దు. సిగ్గూ శరం లేని దాన్ని కాను" అనేది. సరే, నాకేం, తడి నైటీ పిండుకునే పని ఇంకొకటి పెరిగింది, అంతే.

శనివారం మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. స్నానాలగదిలో ప్లాస్టిక్ కుర్చీ మీద ఆవిణ్ణి కూర్చోబెట్టి రెండు చెంబులు పోశానో లేదో, కిటికీ అంతా తెల్లగా వెలిగి ఇంటి మీదే పడిందా అన్నట్టు పిడుగు పడింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆవిడ పడలేదు. విరిగిన తుంటి సంగతే మర్చిపోయి పక్కకి వంగి, చేతివేళ్ళు నేలకి తాకించి, ఆ వేళ్ళు నుదుటికి, తర్వాత మెడ వెనక్కి ఆనించుకుంది. "ఎపహేయ్ ఒయా" అని పెదాలు కదిలాయి. ఇదంతా రెప్పపాటు పని. మా అమ్మమ్మ ఎన్ని వందలసార్లు చేసిందో నా కళ్ళముందు! నేర్చుకుని చేసే పని కాదది. తలలో దేవతని కూర్చోబెట్టుకున్నవాళ్ళ చేతులు వాటంతటవే చేస్తాయి. వంగినప్పుడు నానిన గుడ్డ భుజం దగ్గర పిగిలి కిందికి జారింది. పైచేతి మీద వరసగా సన్నటి గీతలు. ఏడు. చిన్నప్పుడు అమ్మమ్మ ఒళ్ళో పడుకుని వేలు పెట్టి లెక్కపెట్టేదాన్ని, అవే గీతలు. దేవతని తలకెక్కించే రోజున కొత్త కత్తితో పెట్టే కోతలు.

"అత్తయ్యా, ఇవేమిటి?"

"టీకా."

"ఏడు టీకాలా?"

"ఆ రోజుల్లో అలాగే వేసేవాళ్ళు. నీళ్ళు పొయ్యి, చలేస్తోంది."

"పిడుగు పడితే ఎవర్ని పిలిచారు?"

"ప్రభువుని."

"ప్రభువు పేరు ఒయా అని ఎప్పట్నించి?"

ఆవిడ చిరుగు మీద అరచెయ్యి కప్పుకుంది. తర్వాత కోపంగానే మొదలుపెట్టింది. "పంతొమ్మిదేళ్ళు నాకు. నెత్తి గొరిగి, తెల్లబట్టలు కట్టి, ఇరవై ఒక్క రోజులు లోపల ఉంచి బయటికి తెచ్చారు. ఊరంతా చూసింది, ఎంత బాగా ఆడానో! తర్వాత పెళ్ళి. మీ మామ మొదటి వారంలోనే నా తెల్లబట్టలు పొయ్యిలో పెట్టాడు. వంట పనికి వెళ్తే ఈ కోతలు చూసి గేటు దగ్గర్నుంచే పొమ్మన్నారు. ఎడ్వాల్దోని బడిలో 'మంత్రగత్తె కొడుకు' అని రాళ్ళేసి కొట్టారు, చెవి దగ్గర మచ్చ అదే. వాడికి నీళ్ళకొళాయి దగ్గర పడ్డానని చెప్పాను. నీకు నోరుంది కాబట్టి అడుగుతున్నావు. నన్నెవరు అడగనిచ్చారు?"

"ఆయన కోసం మీ చేతులు కప్పుకున్నారు, సరే. నా గిన్నె ఎందుకు పగలగొట్టారు?"

"అది ఇంట్లో ఉంటే నాకు నిద్రుండేది కాదు. రోజూ పిలిచేది."

"పిలిస్తే నన్ను కదా పిలవాలి!"

"నిన్నే పిలిచిందేమో. వినపడింది నాకు." ఆవిడ నా వైపు చూడలేదు. "రాయిని పారెయ్యలేదు. సముద్రం దగ్గరికి తీసుకెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, చెప్పాల్సినవి చెప్పి వదిలాను. తప్పు చెయ్యలేదు నేను."

తప్పు చెయ్యలేదట! చేతిలో చెంబుంది. ఆ నీళ్ళు ఆవిడ మొహాన కొట్టి బయటికెళ్ళిపోవాలనిపించింది. ఆవిడ మీద జాలి కలగలేదని అనను, కలిగింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల బట్టలు పొయ్యిలో కాలుతుంటే చూస్తూ నిలబడ్డం ఎలా ఉంటుందో నాకు తెలుసు, పెరట్లో పింగాణీ ముక్కలు ఏరినదాన్ని కదా. కానీ జాలి కలిగినంత మాత్రాన కోపం పోవాలా? ఆవిడకి జరిగిందే ఆవిడ నాకు చేసింది, తెలిసి తెలిసి చేసింది, పైగా పధ్నాలుగేళ్ళు తన భయాన్ని నా చేత ఇస్త్రీ చేయించుకుంది. ఆ మధ్యాహ్నమంతా రొయ్యలు ఒలుస్తూ ఒకటే ఆలోచన. రేపు వేదిక మీద మైకు ఇస్తారు. ఒక్క మాట చాలు. చక్రాల కుర్చీలో ముందు వరసలో కూర్చునే సోదరి ఎరొనీదెస్ చెయ్యి పట్టుకుని కుచ్చులు పైకి లాగితే చాలు. పాస్టరుగారి మొహం, మా ఆయన మొహం ఎలా ఉంటాయో ఊహించుకుని రెండుసార్లు నవ్వుకున్నాను కూడా. కానీ ఆ మొగవాళ్ళ ముందు ఒక ఆడదాని గుడ్డ లాగడం నా చేతుల వల్ల కాదనిపించింది. ఇంతకంటే మంచితనమేమీ లేదు అందులో.

మా వాడకి కింద, కాలవ పక్కన, దేవతల ఇల్లు ఒకటుంది. దానికి పెద్ద అయిన అమ్మ జుడీచె ప్రతి బుధవారం నా బండి దగ్గరికొచ్చి తొమ్మిది అకరజెలు కొనుక్కెళ్తుంది. బోర్డు వంక చూసి నవ్వుతుంది కానీ ఏమీ అనదు. ఒకసారి మాత్రం "నీ తల నిన్ను అడుగుతోందే పిల్లా. ఇరవై ఒక్క రోజులు చాలు" అంది. "మా ఇంట్లో ఒప్పుకోవద్దూ?" అన్నాను. "మీ అమ్మమ్మ ఎవరి ఒప్పుకోలు అడిగింది?" అంది ఆవిడ. ఆ మాట విని రెండేళ్ళయింది.

ఆదివారం పొద్దున అత్తగారికి ఒళ్ళు తుడిచాను. దండ కోసం తలగడ కింద చూస్తే లేదు. తల పైన గూట్లో, ఉతికిన తెల్ల రుమాల్లో చుట్టి ఉంది. దయ్యపు వస్తువుని అంత ఎత్తున, అంత మర్యాదగా ఎవరు పెడతారు! దండ తీసి మెడలో వేసుకున్నాను. ఆవిడ చూసింది, కళ్ళు మూసుకుంది.

మా ఆయన కోటు వేసుకుని గుమ్మంలోకొచ్చాడు. "అమ్మ జాకెట్టు ఇస్త్రీ అయిందా? ఆ దండ చేత్తో పట్టుకోవాలి జెనీ, మెళ్ళో కాదు."

"నేను చర్చికి రావడం లేదు. అమ్మ జుడీచె దగ్గరికి వెళ్తున్నాను. మూడు వారాలు లోపలే ఉంటాను."

ఆయన నోరు తెరిచాడు. దయ్యం అంటాడనుకున్నాను, నరకం అంటాడనుకున్నాను, కనీసం పాస్టరుగారి పేరైనా ఎత్తుతాడనుకున్నాను.

"మూడు వారాలా?" అన్నాడు. "మరి అమ్మకి స్నానం ఎవరు చేయిస్తారు?"

పధ్నాలుగేళ్ళ కాపురంలో నా విలువ ఆయన నోటితో విన్నది అప్పుడే. నేను సంచీ భుజాన వేసుకున్నాను. "నీ తల్లే కదా, నువ్వే చేయించు" అన్నాను.

మంచం మీంచి అత్తగారి చెయ్యి వచ్చి నా గౌను పట్టుకుంది. ఆవిడకి అంత బలం ఉందని నాకు తెలియదు. మా ఆయనకి వినపడకుండా, "వెళ్ళకే. నువ్వెళ్తే వాడు చూస్తాడు" అంది.

ఒక్క క్షణం ఆగాను. అబద్ధమెందుకు, ఆగాను. ఈ మనిషి రహస్యం ఇన్నాళ్ళూ బయటపడకుండా ఉన్నది ఆవిడ జాకెట్ల వల్ల కాదు, ఈ ఇంట్లో కడిగే పని నాదొక్కదానిదే కావడం వల్ల. నేనుంటే ఆవిడ దాగుతుంది. ఆవిడ దాగాలంటే నేను ఇక్కడే ఉండాలి, చచ్చేదాకా.

"చూడనివ్వండి అత్తయ్యా," అన్నాను, పైకే. "కన్నతల్లి చెయ్యి ఒక్కసారైనా చూడనివ్వండి."

ఒక్కొక్క వేలే నెమ్మదిగా విడిపించుకున్నాను. ఇస్త్రీ చెయ్యని జాకెట్టు కుర్చీ మీద అలాగే ఉంది. మెట్ల మీద పాచికి జారకుండా గోడ పట్టుకుని దిగుతుంటే వెనక నుంచి మా ఆయన పిలుస్తూనే ఉన్నాడు. వేడినీళ్ళు ఏ గిన్నెలో కాచాలని అడుగుతున్నాడు.

ఇరవై ఒక్క రోజుల తర్వాత నా భుజం మీద కూడా కోతలుంటాయి. అప్పటి నుంచి నేను పొట్టి చేతుల జాకెట్లే వేసుకుంటాను.