ఊపి చూసిన తాళం

నేను ఒక చెక్కపెట్టెను. జైలు వడ్రంగి షెడ్డులో నన్ను చేసింది యావజ్జీవ ఖైదీ తవుడు. నా పక్కన నిలబడి ఫోటో దిగింది సూపరింటెండెంటు. సొమ్మొకడిది, సోకొకడిది. నా మొహాన తెల్లరంగుతో 'మనసు విప్పండి' అని రాయించారు. అంతకుముందు ఏడాది ఒక వార్డరు ప్రాణం తీసుకున్నాడు. బెంగపడ్డ వార్డర్లు చీటీ రాసి వేస్తే డాక్టరుతో మాట్లాడించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అలా పుట్టాను.

నాకు తాళం వేసి, తాళంచెవి సూపరింటెండెంటు బీరువాలో పెట్టారు. తనిఖీ రోజున తప్ప తెరవకూడదట. ఛీ! మనసు విప్పమని రాసి నోటికి తాళం వేసే తెలివి మనుషులకే ఉంది.

జైల్లో ఒక ఆచారం ఉంది. డ్యూటీ మారినప్పుడల్లా వచ్చిన వార్డరు ప్రతి తాళాన్నీ పట్టుకుని ఊపి చూసి, 'తాళాలు భద్రం' అని డ్యూటీ పుస్తకంలో రాయాలి. నా తాళాన్నీ ఊపేవారు. లోపల ఏముందని ఒక్కడూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం సన్యాసినాయుడనే వార్డరు అటూ ఇటూ చూసి నా మూతకున్న సందులోంచి చీటీ వేశాడు. "చనిపోయిన ఖైదీని నా చేతులతో మోశాను. అప్పటినుంచి నిద్ర లేదు. సెలవడిగితే నవ్వారు. బతకాలని లేదు. ఎవరైనా నాతో మాట్లాడండి." కింద పేరు కూడా రాశాడు.

మర్నాటి నుంచి అతను నా తాళాన్ని అందరికంటే ఎక్కువసేపు ఊపేవాడు. చీటీ లోపల కదిలేది. ఇంకా అక్కడే ఉందని తెలిసి వెళ్లిపోయేవాడు. ఇలా నలభై రోజులు. చెక్కనైన నాకే ఆ చీటీ బరువైంది. ఆ బీరువా పక్కనే టీ తాగే పెద్దమనిషికి మాత్రం దున్నపోతు మీద వానే.

తనిఖీ దగ్గరపడగానే వార్నిషు వేయమని నన్ను షెడ్డుకు పంపారు. తాళంచెవి పంపలేదు. తవుడు నన్ను తిరగేస్తే కాగితం చప్పుడైంది. అతను నా మూత బందుల మరలు ఊడదీసి, చీటీని కూడబలుక్కుని చదివాడు. ఆ పేరుగలవాడు గుమ్మంలోనే కాపలా ఉన్నాడు.

"బాబూ, నువ్వు రాసినది ఇందలోనే ఉండిపోనాది. ఎవులూ సూడనేదు."

నాయుడి మొహం పాలిపోయింది. "నోర్ముయ్. నీకేటి తెల్సు?"

"నాను జైలుకొచ్చిన కొత్తల్ల సచ్చిపోతానని ఏడిస్తే, మూడు దినాలు నా కాడ కూకున్నది నువ్వే గదా. ఇప్పుడు నాను కూకుంతాను. రా బాబూ. ఆనక డాట్రు కాడికి ఎల్దుము."

నాయుడు కూర్చున్నాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ సాయంత్రమే జైలు డాక్టరు అతని భార్యను పిలిపించి, అతన్ని ఆమెతో పెద్దాసుపత్రికి పంపించాడు. వైద్యం దొరికింది, సెలవు దొరికింది. మనిషి నిలబడ్డాడు.

నాయుడు ఎలా ఉన్నాడని సూపరింటెండెంటు అడగలేదు. "పెట్టె ఎవడు తెరిచాడు?" అని అడిగాడు. తవుడికి శిక్షలో రావలసిన తగ్గింపులో పదిహేను రోజులు కోసేశారు. భద్రత లేదని నన్ను పగలగొట్టించారు. ఆ సూపరింటెండెంటును తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది.

షెడ్డు మూల కట్టెల కుప్పలో పడి ఉన్నాను. నా కళ్లముందే తవుడు కొత్త పెట్టె చేశాడు. దీనికి రెండు తాళాలు. సూపరింటెండెంటు వచ్చి రెండింటినీ ఊపి చూసి, "ఇదీ పనంటే" అని మెచ్చుకుని వెళ్లాడు.

సెలవు నుంచి తిరిగొచ్చిన నాయుడికి తవుడు దాని అడుగు చూపించాడు. అడుగు చెక్కకు ఒక్క మేకు కూడా కొట్టలేదు.

"రోజూ తాళం ఊపడానికి ఒస్తావు గదా బాబూ. అడుగున చెయ్యెట్టి, ఎవులైనా సీటీ ఏసినారేమో సూడు."

నాయుడు ఆ చెక్కను జరిపి చూశాడు, మళ్లీ మూశాడు. రెండు తాళాలనూ గట్టిగా ఊపాడు. డ్యూటీ పుస్తకం తీసి రాశాడు: తాళాలు భద్రం.