వాలుగ ఒడ్డెక్కింది

చేప నీళ్ళలోంచి ఒడ్డెక్కి పావురాన్ని పట్టుకుపోయిందని మా మామగారు చెప్పిన రోజు మావారు భోజనం దగ్గర పడీపడీ నవ్వారు. రేపు పిల్లి ఈత నేర్చుకుంటుందేమో నాన్నా అన్నారు. మామగారూ నవ్వారు గానీ, సగంలోనే చెయ్యి కడిగేసుకున్నారు.

ఆయన ఇటుక బట్టీలో మంట చూస్తారు. బట్టీ పైన వరసగా ఉన్న కన్నాల మూతలు తీసి, లోపలి మంట రంగు చూసి, బొగ్గు ఎప్పుడు వెయ్యాలో ఎప్పుడు ఆపాలో చెప్పేది ఆయనే. ఆ రంగు పొరపాటుగా చూస్తే ఇటుకలు కరిగి ముద్దవుతాయి. పైకప్పు కుంగి పైనున్న మనిషి కాలు మంటలోకి దిగినా దిగుతుంది. అందుకే చేప సంగతి బట్టీ అంతా పాకాక మేస్త్రీ మా ఇంటికొచ్చాడు. ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండా చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"ఆయన కళ్ళకి లేనివి కనబడుతుంటే ఆయన మాట మీద మనుషుల్ని పైకెలా ఎక్కించనమ్మా? ఈ వారం దాటాక దింపేస్తాను. ఏమీ అనుకోకండి."

మామగారి అన్నగారికి చివరి రోజుల్లో గోడ మీద పడవలు కనిపించేవి. కన్నకొడుకునే ఎవరు బాబూ నువ్వు అని అడిగారు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు గానీ అందరి మనసుల్లోనూ అదే మెదులుతోంది. సాయంత్రం నేను బట్టలు మడతపెడుతుంటే మామగారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"నేనూ మా అన్నయ్యలా అయిపోతున్నానంటావా అమ్మాయ్?"

లేదు మామయ్యగారూ అని గబుక్కున అనేశాను. మరీ అంత గబుక్కున అనేసరికి ఆయనకి అర్థమైపోయింది.

మేస్త్రీ చెడ్డవాడు కాదు. మాట వచ్చింది కదా అని నలుగుర్ని వెంటబెట్టుకుని బట్టీ పక్కనున్న గుంట దగ్గరికి వెళ్ళి చూశాడట. మట్టి తవ్వగా తవ్వగా నీళ్ళు నిలిచిన గుంట అది. ఏ వరదకో చేపలు చేరాయి. అయితే బట్టీవాళ్ళు ప్రాణమైనా వదులుకుంటారు గానీ మధ్యాహ్నం కునుకు వదులుకోరు. కాబట్టి పనివేళలోనే వెళ్ళి చూశారు. మట్టి కలిపే మిషను పక్కనే దడదడలాడుతోంది, బరువు బూట్లు గట్టు మీద టకటకమంటున్నాయి. పావురమూ లేదు, చేపా లేదు. ఏం పెద్దాయనా, ఇవాళ ఏనుగుని మింగిందా అని వెక్కిరించి వచ్చారు.

మామగారు చూసింది మిషను ఆగాక, ఒంటరిగా ఒడ్డున కూర్చుని తినేటప్పుడు. చూస్తే అప్పుడే చూడాలి కదా అనిపించి, మర్నాడు కారేజీ నేనే తీసుకెళ్ళాను. బయల్దేరేముందు దేవుడి ముందు నిలబడి, ఆయన చెప్పిందే నిజం చెయ్యి తండ్రీ అని వేడుకున్నాను. సగం దారిలో తట్టింది, నేనడిగింది ఒక పావురం చావుని. కాళ్ళు ఆగాయి. కానీ కోరిక వెనక్కి తీసుకోవడానికి నోరు రాలేదు.

చెప్పులు విడిచి మామగారి పక్కన కూర్చున్నాను. మిషను ఆగింది. అంతా పాకలోకి వెళ్ళిపోయారు. కాసేపటికి పావురాలు దిగి, లోతులేని చోట రెక్కలు విదిలించుకుంటూ స్నానం మొదలుపెట్టాయి. ఎర్రటి నీళ్ళ మీద వాటి ఈకల్లోని పొడి తెల్లగా తేలింది. మామగారు నా వైపు చూడటం లేదు. ఆయన చేతిలో ముద్ద అలాగే ఉంది.

ముందు మీసాలు కనిపించాయి. తర్వాత వెడల్పాటి నల్లని తల. నేను ఊపిరి తీసుకునేలోగా నీళ్ళు చీలి, నా చెయ్యంత పొడవున్న వాలుగ చేప సగం ఒళ్ళు బురద మీదికి వచ్చింది. పావురం కాలు దాని నోట్లో ఉంది. ఒళ్ళు ఒక్కసారి మెలిపెట్టి వెనక్కి జారిపోయింది. మిగతా పావురాలు ఎగిరిపోయాయి.

"చూశావా?" అన్నారు మామగారు.

"చూశాను మామయ్యగారూ. మీసాలతో సహా చూశాను."

ఆయన ముద్ద కారేజీ గిన్నెలో పెట్టేసి, మొహం భుజానికేసి తుడుచుకున్నారు. నేను పాకలోకి పరిగెత్తి మేస్త్రీని నిద్ర లేపాను. అతను బురదలో జారిన చార చూశాడు, తేలుతున్న ఈకలు చూశాడు. మర్నాడు తన కునుకు మానుకుని, బూట్లు విప్పి, గట్టు వెనక బోర్లా పడుకున్నాడు. వాలుగ వచ్చింది. లేచి బట్టలు దులుపుకుంటూ, "పెద్దాయనా, బట్టీ ఎక్కండి, మంట మీకోసం చూస్తోంది" అన్నాడట.

ఆ సాయంత్రం మామగారు మారు వడ్డించుకున్నారు. మావారు క్షమాపణ చెప్పలేదు. పిల్లి ఈత సంగతి ఏమైందిరా అని తండ్రి అడిగితే తల వంచుకుని నవ్వారు. అలా అందరం కలిసి నవ్వి చాలా రోజులైంది.

దేవుడు నా మాట విన్నాడా, లేక చేపకి ఆకలేసిందా, నాకు తెలియదు. ఆ పావురం కూడా ఏదో వేడుకునే ఉంటుంది. తెల్లవారి పాక కప్పు మీద పెద్ద బేసిన్‌తో నీళ్ళు పెట్టించాను, పావురాలు అక్కడే స్నానం చేస్తాయని.

మామగారు కింద నిలబడి చూసి, "మరి ఆ వాలుగ ఏం తింటుందమ్మా?" అన్నారు.

ఆయనే హాయిగా నవ్వుకుంటూ బట్టీ మెట్లెక్కారు.