ఆరోగ్యభరణ శ్రేణీ పునర్జన్మ వృత్తాంతము

గ్రీష్మము తన ప్రతాపమునంతయు వెళ్లబోసికొని డస్సియుండగా వర్షర్తువు వచ్చుటకింకను మీనమేషములు లెక్కించుచున్న ఆషాఢారంభమున సముద్రమునుండి వీచు ఉప్పుగాలి వేలాపురీ నగరపు సౌధాగ్రములను జిడ్డుపఱచుచు రేవున నిలిచిన నౌకల తెఱచాపలనూపుచు దక్షిణపుకొననున్న ధర్మారోగ్యశాల కప్పున మిగిలిన పెంకులను గలగలలాడించుచుండెను. పడమటి దిక్కున నీలాంజనసన్నిభములగు మేఘములు మెల్లమెల్లగా కూడుచుండెను. మేఘదర్శనమున మయూరములు నర్తించునని కవులు వర్ణింతురు గాని ఆ శాలకధ్యక్షురాలగు మైలమాంబ మాత్రము మేఘమును చూచినప్పుడెల్ల పండ్లు పటపట కొఱికెడిది. ఆ కప్పున పెంకులున్న చోటులకంటె లేని చోటులే అధికముగా నుండెను.

మైలమాంబ వైద్యవంశమున జనించి నాడీజ్ఞానమున తండ్రిని మించినదని విద్వాంసులచేత కొనియాడబడినదియు రోగులయెడ వెన్నవలె కరగునదియు అధికారులయెడ నిప్పులు గ్రక్కునదియునై ప్రసిద్ధికెక్కెను. ఆమె శాలకు మాన్యములు లేవు. పుణ్యాత్ములు పండుగలకిచ్చు దానములే ఆధారము. పుణ్యాత్ములకు అప్పుడప్పుడు మఱపు గలదు గాని రోగులు దారి మఱచువారు కారు. రేవునుండియు ఉప్పుమళ్లనుండియు వచ్చి మంచములు నిండి అరుగులు నిండి తుదకు మెట్లమీదను పడియుండిరి.

వీరిలో సగమునకు పైగా ఆరోగ్యభరణ శ్రేణికి ఏటేట సొమ్ము చెల్లించినవారే యని చెప్పినచో చదువరులకు వింత తోపవచ్చును. ఆ శ్రేణి యనగా ఇంటికింతయని యేటేట పుచ్చుకొని ఆ యింట నెవరికైనను రోగము వచ్చెనేని వైద్యుని వేతనమును ఔషధముల వెలను తామే భరింతుమని పూచీపడిన వర్తకుల కూటమి. పుచ్చుకొనునప్పుడు వారి మాటలు తేనెలొలుకుచుండెడివి. ఇచ్చుకొనవలసి వచ్చినప్పుడు మాత్రము వారొక శాస్త్రమును బయటికి తీసెడివారు. ఈ జన్మమున కలుగు వ్యాధికెల్ల పూర్వజన్మమున చేసిన పాపమే బీజమట. కావున వ్యాధి తమ పూచీకి మునుపే యున్నదట. మునుపే యున్న వ్యాధికి శ్రేణి బాధ్యత లేదట. వారి వైద్యుడు రోగి చేయి ముట్టకయే ముఖము చూచి ఈ తీర్పు చెప్పి పంపెడివాడు. గోడకు కట్టిన సారువమీదనుండి పడి కాలు విఱుగగొట్టుకొనిన తాపీవానికిని ఇదియే సమాధానము. పాపము వచ్చి వానినెట్లు త్రోసెనో మైలమాంబకు ఎంత యోచించినను బోధపడలేదు.

కుమ్మరవీధి కాచమ అట్లు త్రోసివేయబడి శాలకు వచ్చినదే. కుండలు కాల్చు ఆవపు పొగ నడుమ బ్రదుకు వెళ్లించిన ఆ యిల్లాలు కాపురమునకు వచ్చిననాటినుండి కుండలమ్మిన సొమ్మున శ్రేణి భాగము తీసియుంచుట మానినది కాదు. దగ్గును జ్వరమును విడువక పీడింపగా శ్రేణివారి గుమ్మమునకు పోయెను. ఏ జన్మమున ఏ మహాపాతకము చేసితివో యని వారు పదుగురి యెదుట చెప్పి పంపివేసిరి. ఆ మాట ఆమెకంటె ముందుగా ఇల్లు చేరెను. అత్త ఆమె చేతి నీరు త్రాగుట మానెను. ఔషధమిచ్చిన పుచ్చుకొనునది గాని కాచమ ఎవరితోడను కన్నెత్తి మాటాడెడిది కాదు. రోగమింకను ముదరలేదనియు వానకు తడియనీయక పొడినేలపై ఈ ఋతువు గడుపగలిగినచో ఆమె బ్రదుకుననియు మైలమాంబ నిశ్చయించుకొనెను. పొడినేల యెక్కడనుండి తెచ్చుటో ఆమెకు తెలియలేదు.

కావున శ్రేణి లాభమున పదవవంతు పన్నుగా గైకొని ధర్మారోగ్యశాలలకు వినియోగింపవలయునని ఆమె రాజునకు విన్నపము వ్రాసికొనెను. శ్రేణి దింపివేసిన బరువును శాల మోయుచుండగా ఆ మోతకూలి శ్రేణియే యీయవలెననుట ఆమె వాదము. కోశాధ్యక్షుడగు రేచనామాత్యుడు చూతము చూతమని ఆమెను కాళ్లరుగునట్లు త్రిప్పెను. ఒకమాఱు ముహూర్తము బాగులేదనెను. ఒకమాఱు వర్తకులు అలుగుదురనెను. పోయినప్పుడెల్ల మాత్రము ఎండలో పడి వచ్చితివి తల్లీ యని చల్లని మజ్జిగ ఇప్పించెడివాడు. ఆ వేసవి మైలమాంబ త్రాగిన మజ్జిగకు మేర లేదు. చేతికి వచ్చిన ఆజ్ఞాపత్రమును లేదు. తుదకు పోలభూపతి వేటనుండి మరలుచు శాలముందు దారి లేక గుఱ్ఱము దిగి మెట్లమీది రోగులను తప్పించుకొనుచు నడువవలసివచ్చెను. మఱునాడే పన్ను విధింపబడెను.

అంతటితో కథ ముగిసిన ఎంత బాగుండెడిది. శాసనమున ఆరోగ్యభరణ శ్రేణియని పేరు వ్రాయబడియుండగా పన్ను గైకొన పోయిన భటులకు ఆ పేరుగల కూటమియే కానరాలేదు. అదే భవనము. అవే పరుపులు. వానిపై పాత శ్రేణికి పెద్దయగు కొమ్మిశెట్టియే. ద్వారముపై మాత్రము క్షేమచింతక సమాజమను క్రొత్త పలక తళతళలాడుచుండెను. పాత శ్రేణి నిన్ననే కాలధర్మము నొందెనని కొమ్మిశెట్టి ఉత్తరీయమున కన్నులొత్తుకొనుచు చెప్పగా భటులు పాపము పరామర్శించి వట్టిచేతులతో మరలిరి. ఈ వార్త విన్న మైలమాంబకు తల ప్రాణము తోకకు వచ్చెను. రేచనామాత్యుడు గతించినవారిని పన్నడుగుట మర్యాద కాదనుచు మరల మజ్జిగ తెప్పించెను. ఆమె ఆ ముంతను ముట్టక తిన్నగా రాజసభకు నడచెను.

రాజు కొమ్మిశెట్టిని పిలిపించెను. శెట్టి సభకు వంగి నమస్కరించి తమ సమాజము నిన్నగాక మొన్న జన్మించిన పసికందనియు గతించిన శ్రేణి ఋణమును దాని నెత్తిన రుద్దుట ధర్మము కాదనియు గద్గదస్వరమున విన్నవించెను. మైలమాంబ అతనివంక తిరిగెను.

"శెట్టిగారూ, కుమ్మరవీధి కాచమకు మీరేల సొమ్మీయలేదు?"

"అది పూర్వజన్మపాపఫలము తల్లీ. మా పూచీకి చెందదు."

"పూర్వజన్మపు శరీరము కాలి బూడిదయైన పిమ్మటను ఆ పాపము వదలదందురా?"

"ఎట్లు వదలును? శాస్త్రమట్లున్నది."

"అట్లయిన మీ పసికందునకును వదలదు. పాత శ్రేణి పన్ను పుట్టుకతోడనే దాని నెత్తిన నున్నది. పూర్వజన్మము వెంట వచ్చునని నేనును ఒప్పుకొనుచున్నాను. చెల్లింపుడు."

సభ గొల్లుమనెను. ఏ పేరు పెట్టుకొనినను పన్ను వారిని వెంటాడవలయునని రాజు నవ్వాపుకొనుచు ఆజ్ఞాపించెను. మైలమాంబ ఆ సంతోషమున ఇంటికైనను పోక పెంకులవానికి బయానా ఇచ్చి బండ్లు శాలకు తోలించెను.

నగరమునకు తర్కముతో పని లేదు; సారాంశము చాలును. పూర్వజన్మపాపము వెంట వచ్చునని నిండుసభలో మైలమాంబయే ఒప్పుకొన్నదట యను వార్త బండ్లకంటె వేగముగా శాలకు చేరెను. ఆమె వచ్చునప్పటికి కాచమ మంచము ఖాళీగా నుండెను. ఎవరితోడను చెప్పక లేచిపోయెనని పరిచారికలు చెప్పిరి. ఇంత చేసిన పిమ్మట ఈ పిల్లకేమి తెగులు వచ్చెనని మైలమాంబ విసుగుకొనుచు కుమ్మరవీధికి పోయెను. కాచమ ఆవము ప్రక్కన ఆ పొగలోనే మోకాళ్లపై తల వాల్చి కూర్చుండియుండెను. అత్త లోనికి రానీయలేదు.

"లేచి రమ్ము. ఈ పొగయే నీ ప్రాణము తీయుచున్నది" అని మైలమాంబ కసరెను.

"పొగ కాదమ్మగారూ. పాపము. తమరే సభలో చెప్పితిరట."

"ఆ మాట శెట్టి నోరు మూయించుటకై యన్నది. నీకు వచ్చినది రోగమే గాని పాపము కాదు. వారి శాస్త్రమును నేను ఆవగింజంతయు నమ్మను."

"అట్లయిన ఆ సంగతి సభలోనే యేల చెప్పరైతిరి?"

"చెప్పియుండిన పన్ను వచ్చెడిది కాదు."

కాచమ దగ్గి దగ్గి ఊపిరి తీసికొనెను. ఆమె కంఠమున నిష్ఠురము లేదు.

"శెట్టిగారును సొమ్ముకొఱకే కదమ్మా ఆ మాట చెప్పినది."

గెలిచితినని ఊరేగినట్లు వచ్చినందుకు మైలమాంబకు తనమీద తనకే రోత పుట్టెను. శాలకు రమ్మని కాచమను మరల అడుగక ఆమె వెనుదిరిగెను.

మఱునాడు సభాద్వారమున ఆమెను చూచి రేచనామాత్యుడు నెత్తి కొట్టుకొనెను. గెలిచిన వ్యాజ్యమును తానే తిరుగదోడు ప్రాజ్ఞులను ఇంతవఱకు చూడలేదని అతడు గొణుగుచుండగానే ఆమె లోనికి పోయి రాజునకు మ్రొక్కెను.

"దేవా, నిన్న నేను గెలుపుకొఱకు నమ్మని మాటను నమ్మినట్లు పలికితిని. రోగమునకు పాపము కారణము కాదు. ఆ నెపమున రోగిని త్రోసివేయరాదని శాసింపుడు. నా మాట మార్చినందున పన్ను రద్దగునేని కానిండు."

సభలోనే యున్న కొమ్మిశెట్టి దిగ్గున లేచి అట్లయిన తమ ఋణము తీరిపోయెనని మొదలుపెట్టెను. పోలభూపతి ఇరువురివంకను విసుగుతో చూచెను.

"మీ జన్మాంతరములతో మాకేమి పని? మనుష్యులు మెట్లమీద పడియున్నారు. పన్నునకు ఆ కారణము చాలును. నిన్నటి నీ తర్కము మాకు నవ్వు తెప్పించినది. అది లేకున్నను ఈ ఆజ్ఞయే యిచ్చియుందుము."

తాను అక్కఱ లేకయే తన మాటను అమ్ముకొంటినని మైలమాంబకు తెలిసెను. పన్ను నిలిచినందుకు సంతసింపవలెనో ఇందుకు ఏడువవలెనో ఆమెకు తోచలేదు. రోగము పాపఫలమని చెప్పి రోగులను త్రోసివేయరాదని శాసనము వ్రాయబడెను. దానిని ముందుగా కుమ్మరవీధిలో చాటింపుడని మాత్రము ఆమె వేడుకొనెను.

చాటింపువానితో తానును పోయెను. తప్పెట మ్రోగగా వీధి గుమికూడెను. రోగము పాపము కాదని రాజాజ్ఞయైనదనియు ఆ మాట మైలమాంబయే సభలో చెప్పెననియు వాడు గొంతెత్తి చాటెను. ఆవము ప్రక్కన కాచమ తలయెత్తి తుదివఱకు వినెను. ఆమె అత్త గుమ్మమున స్తంభమునానుకొని నిలిచియుండెను. మొదటి చినుకులు వేడి బూడిదపై చిటచిటమని పడసాగెను. వాడు తప్పెట చంకనిడుకొని పోబోవుచుండగా కాచమ మైలమాంబ చెంగు పట్టుకొనెను.

"అమ్మగారూ, మా అత్తగారికి కొంచెము చెవుడు. మఱియొకమాఱు చెప్పుమనుడు."

ఆ అత్తకు చెవుడు లేదని వీధియంతయు ఎఱుగును. ఎవరును నవ్వలేదు. చాటింపువాడు వెనుకకు మరలి ఆ గుమ్మము ఎదుటనే నిలిచి వానలో తడియుచు మొదటినుండి చెప్పెను. అది ముగిసిన పిమ్మట కాచమ మైలమాంబ చేయి ఊతగా గొని లేచి శాలవైపు నడచెను.