చిరిగిన బెలోస్

"చిరిగితే పారెయ్. దానికోసం ఊరంతా తిరగడమేంటి?" అన్నాడు భర్త, ఇస్త్రీ చెయ్యమని చొక్కా ఆమె చేతిలో పెడుతూ. "పాతదేగా!"

అది దానంతటది చిరగలేదు. అటక మీంచి సూట్‌కేసు లాగుతూ అతనే కింద పడేశాడు, చూసుకోకుండా తొక్కాడు. కెమెరాకీ లెన్సుకీ మధ్య బిగించే బెలోస్ అది. హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా సాగే నల్లటి తోలు. ఎంత సాగదీస్తే చీమ తల అంత పెద్దదిగా కనబడుతుంది. ఇప్పుడు మడతలో చీలిక పడి వెలుతురు జొరబడుతోంది, ప్రతి ఫోటోకీ అడ్డంగా తెల్లటి చార. టేపు అంటిస్తే సాగదీయగానే ఊడొచ్చింది. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అలాంటిదే ఇంకో పాతది దొరకాలి, అంతే.

బాల్కనీలో నిమ్మమొక్క మీద సీతాకోకచిలుక గుడ్లు పెట్టింది. నిన్నటిదాకా లేతపసుపుగా ఉన్నవి పొద్దున్నకి నల్లబడ్డాయి. అంటే లోపలి పురుగు ఇవాళో రేపో బయటికొస్తుంది. వంటకీ ఆఫీసుకీ అత్తగారి మందులకీ మధ్య చిక్కిన కాస్త తీరికలో ఆమె ఇన్నాళ్లూ కాచుక్కూర్చున్నది ఆ క్షణం కోసమే. "మొగుడి మొహం చూడ్డానికి తీరదు గానీ పురుగులకి ఫోటోలా!" అని అత్తగారు నవ్వితే తనూ నవ్వేది. నవ్వకపోతే పొగరంటారు.

ఫోన్లో ఒక ప్రకటన కనబడగానే ఆఫీసుకి సెలవు చెప్పి, ఆ చిరునామాకి పరుగెత్తింది.

తలుపు తీసినాయన రిటైరైన పెద్దమనిషి. "రండమ్మా. మీవారు రాలేదా?"

"కొనేది నేనేనండీ."

ఆయన బెలోస్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని సాగదీసి కిటికీ వైపు ఎత్తి చూసింది. సూదిమొనంత వెలుతురు కూడా రాలేదు. ప్రాణం లేచొచ్చింది. కానీ మడతల్లో దుమ్ము లేదు. తిత్తి జరిగే ఇనప పట్టాలకి పూసిన నూనె ఇంకా తడిగానే ఉంది.

"ఎవరు వాడతారండీ?"

"ఎవరూ వాడరు. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ సరదాపడింది. ఎప్పుడో వదిలేసింది లెండి. ఊరికే చోటు తినేస్తోంది."

మంచినీళ్లు తెస్తున్న ఆయన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. ఆవిడ చూపు బల్ల మీద అతుక్కుపోయింది.

ఆమెకి అర్థమైంది. అర్థం కానట్టు ఉండిపోతే చాలు, బెలోస్ తనదవుతుంది. వాళ్లింటి గొడవ తనకెందుకు? అక్కడ గుడ్లు నల్లబడ్డాయి. చెయ్యి అప్పటికే బ్యాగులోకి వెళ్లింది కూడా.

"పాతదేగా, ఎంతో కొంత ఇవ్వండి," అన్నాడాయన.

ఆమె చెయ్యి ఆగింది. ఆయన్ని దాటి గుమ్మం వైపు చూసింది. "ఇది మీరు అమ్ముతున్నారా అండీ?"

"అదేంటమ్మా, చెప్తున్నాగా..."

"ఆవిణ్ణి అడిగాను."

ఆవిడ వచ్చి గ్లాసు బల్ల మీద పెట్టింది.

"అమ్మను," అందావిడ.

"ఏం చేసుకుంటావే దాన్ని?"

"మధ్యాహ్నాలు మీరు నిద్రపోతుంటే నేనేం చేస్తున్నానో ఎప్పుడైనా అడిగారా?"

ఆవిడ ఈమె వైపు తిరిగింది. "మీకు దేనికి?"

"నిమ్మాకు మీద గుడ్లు. నల్లబడ్డాయి."

"నల్లబడ్డాయా! మరి ఇంకా నిలబడ్డారేం?" ఆవిడ బెలోస్‌ని గుడ్డలో చుట్టి, చెప్పుల్లో కాళ్లు పెట్టింది. "పదండి. అమ్మనన్నాను గానీ తీసుకురానన్నానా?"

"నా భోజనం?" అన్నాడాయన వెనకనుంచి.

"గిన్నెల మూతలు తీస్తే కనబడుతుంది."

వాళ్లు చేరేసరికి రెండు గుడ్లు ఖాళీ. మూడోది అప్పుడే చిట్లుతోంది. ఇద్దరూ కలిసి బెలోస్‌ని కెమెరాకి బిగించారు. ఒకరు ఆకు కదలకుండా పట్టుకున్నారు, ఒకరు తిత్తి సాగదీశారు. గోరుచివరంత కూడా లేని పురుగు బయటికొచ్చి, వెనక్కి తిరిగి తనని మూసి ఉంచిన పెంకునే కొరుక్కు తినసాగింది.

"ఎవరే ఆవిడ?" అత్తగారు హాల్లోంచి కేకేసింది. "మీ ఆయన్ని అడిగే తీసుకొచ్చావా?"

ఆమె కెమెరా మీంచి కన్ను తియ్యలేదు.

"లేదత్తయ్యా. ఇక అడగను."