ఎడమ పోస్టు

హరినాథ్ తన ఫోనులో ఆ గోలును మళ్లీ మొదటినుంచి పెట్టాడు. అప్పటికి అది ఎన్నోసారో నేను లెక్క మరిచిపోయాను. మా అంగడి ముందు బెంచీ మీద ముగ్గురూ తలలు దగ్గరపెట్టి చూస్తున్నారు. కాణిపాకం పోయేవాళ్లు బస్సు దిగి కొబ్బరికాయలు అడుగుతున్నా వీళ్లు పక్కకు జరగడం లేదు.

ముందురోజు చిత్తూరులో మా ఐరాల ఆడపిల్లల హాకీ జట్టు నాయుడుపేట జట్టు చేతిలో ఒక గోలు తేడాతో ఓడిపోయింది. ఆట ముగియడానికి రెండు నిమిషాల ముందు పెనాల్టీ కార్నర్ వచ్చింది. అంటే అవతలివాళ్లు గీత మీదనుంచి బంతి లోపలికి తోస్తారు, ఒకమ్మాయి గట్టిగా కొడుతుంది, మనవాళ్లు అయిదుగురే గోలు కాయాలి. ఎడమ పోస్టు దగ్గర నిలబడింది పల్లవి. బంతి ఆ పోస్టుకూ ఆమెకూ మధ్యలోనుంచి దూరి వెనక చెక్కకు ఠప్పుమని తగిలింది.

"ఆపు. ఆడ ఆపు" అన్నాడు వరదయ్య. వయసులో ఉన్నప్పుడు ఆయన పోలీసు జట్టుకు ఫుల్ బ్యాక్ ఆడాడు. ఇప్పుడు పింఛను తీసుకుంటూ మా బెంచీ మీద ఆడుతున్నాడు. "ఆ పిల్ల యాడ నిలబడుండాదో సూడు. పోస్టుకు కాలు ఆనించి నిలబడాల. రెండడుగులు లోపలికొచ్చి నిలబడితే ఆ సందులో బంతేంది, ఎనుముగూడా దూరతాది."

"ముందు పరిగెత్తిన పిల్లదేం తప్పులేదా అన్నా? కొట్టేదానికి అడ్డం పోలా" అన్నాడు హరినాథ్.

"అది పోయింది. పోయినాక కొట్టేదానికి ఒక్క దావే మిగిలింది. ఆ దావలో ఉండాల్సింది ఎవురు? గోలు కాసే పిల్ల కుడివైపు చూసుకుంటాది, ఎడమపక్కది పోస్టు పిల్ల బాధ్యత. నలభై ఏండ్ల కిందట మాకు మొదటిరోజు నేర్పిచ్చిన పాఠం అది."

"నలభై ఏండ్ల కిందట నీకు నేర్పిచ్చిందానికి నిన్న ఆ పిల్లేం చేస్తాది?"

"ఎగతాళి చేయబాక. గోలు ఎవరి వల్ల పడిందో అది చెప్పు."

మూడో ఆయన మోహన. ఆయనకు మామిడికాయల మండీ ఉంది. జట్టుకు బనియన్లు కొనిచ్చింది ఆయనే. టీ గ్లాసు బెంచీ మీద పెట్టి, "ఆటంటే భక్తుండాల అప్పా" అన్నాడు. "వాళ్లకు యాడుంటాది? ఆదివారమైతే చర్చిలో పాటలు పాడతాది గదా, ఆడే నిలబెట్టండి. ఆడ బంతి రాదు."

హరినాథ్ నవ్వాడు. వరదయ్య నవ్వలేదు గానీ వద్దని కూడా అనలేదు.

పల్లవికి పదహారేళ్లు. వాళ్లమ్మ ఎస్తేరు మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పని చేసి, పోతూ వస్తూ మా అంగట్లో ఉప్పూ అగ్గిపెట్టే కొనుక్కుంటుంది. ఆ పిల్ల పొద్దున అయిదుకే కర్ర పట్టుకుని బడి మైదానానికి పోవడం నేను పూజకు పూలు కోస్తూ రోజూ చూస్తాను. దాని భక్తి సంగతి వీళ్లకేం తెలుసు? ఇంత అనుకున్నాను గానీ నోరు విప్పలేదు. అంగడివాడికి అందరూ కావాలి. ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకూ అసహ్యమే.

"నిర్మలమ్మ టీచరుకు చెప్పేసినా" అన్నాడు మోహన. "తిరుపతి టోర్నమెంటుకు ఆ పిల్ల పేరు రాస్తే కొత్త స్టిక్కులు నేను ఇచ్చేది లేదని. బుధవారం లిస్టు పంపాల."

"బిడ్డ ఒకసారి తప్పు చేస్తే తీసేస్తారా అప్పా?" అన్నాను.

"నీకు హాకీ ఏం తెలుసు నారాయణన్నా? గమ్మున కొబ్బరికాయలమ్ముకో. ఇదిగో, నువ్వే సూడు" అని హరినాథ్ ఫోను నా చేతికిచ్చాడు.

కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. నిజమే, పల్లవి పోస్టుకు ఎడంగా నిలబడి ఉంది. బంతి రావడానికి ముందు ఒకసారి తల వంచి కిందికి చూసుకుంది. కాలు పోస్టు వైపు కొంచెం కదిపి, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఎందుకు తీసుకుందని అక్కడే ఆపి చూశాను. పోస్టు మొదట్లో నేల ఎర్రగా ఉంది. ఆ ఎరుపులో తెల్లటి ముక్కలు కొన్ని.

ఆ ఎరుపు నాదే.

సగం ఆట అయ్యాక జట్లు వైపులు మార్చుకుంటాయి. ఆ విరామంలో, మనవాళ్లు కాయబోయే గోలుకు దిష్టి తీయాలని మోహన ముందే చెప్పాడు. అంగడినుంచి బూడిద గుమ్మడికాయ తీసుకుపోయింది నేను. లోపల కుంకుమ పోసి, పైన కర్పూరం వెలిగించి, మూడుసార్లు తిప్పి ఎడమ పోస్టు దగ్గర పగలగొట్టింది నేను. అంపైరు వచ్చి, ఇదేంది ఆడేచోట, తీయండి అని కోప్పడితే పెద్ద ముక్కలు ఏరేశాను. చిన్నవీ, గుజ్జూ, కుంకుమ నీళ్లూ వదిలేశాను. దిష్టి తీసింది ఎవరూ తొక్కరు కదా, ఉంటే ఏమవుతుంది అనుకున్నాను. ఎవరూ తొక్కరని అంత బాగా తెలిసినవాణ్ణి, అక్కడ ఒక మనిషి నిలబడాలన్న సంగతి ఎట్లా మరిచిపోయాను?

"ఇది సూడండప్పా. ఈ పిల్ల గుమ్మడికాయ తొక్కకూడదని జరిగింది. గోలు నా వల్ల పడింది" అన్నాను.

ముగ్గురూ చూశారు.

"అయితే?" అన్నాడు మోహన. "దేవుడి పని తప్పంటావా?"

"దేవుణ్ణెందుకు తెస్తావు? పగలగొట్టింది నేను. తీయకుండా వచ్చింది నేను."

"వాళ్లకు మన దిష్టితో ఏం పని? తొక్కి నిలబడాల్సింది" అన్నాడు వరదయ్య.

"తొక్కింటే ఇప్పుడు నువ్వేమనింటావు?"

వరదయ్య టీ తాగేశాడు. హరినాథ్ ఫోను తీసుకుని జేబులో వేసుకున్నాడు. అప్పటిదాకా అన్నిసార్లు చూసిన గోలును ఇక చూడాలని ఎవరికీ అనిపించలేదు. మోహన లేచి పంచె దులుపుకుని, "ఈ మాట బయట చెప్పబాకన్నా. పూజ చేసి ఓడిపోయినామంటే ఊరంతా నవ్వతారు. ఆ పిల్ల మీదే ఉండనీలే, చిన్నపిల్ల, నాలుగు రోజుల్లో మరిచిపోతాది" అన్నాడు.



సాయంత్రం ఎస్తేరు ఇంటికి పోయాను. ఆమె ఇంకా పనినుంచి రాలేదు. పల్లవి గడప మీద కూర్చుని కర్రకు పాత టేపు విప్పుతోంది.

"నిన్న పోస్టు కాడినుంచి యాల జరిగినావమ్మా?" అని అడిగాను.

ఆమె తల ఎత్తలేదు. "అది మీ పూజది గదా మామా."

"ఆట జరగతా ఉంటే అదంతా గుర్తుంటాదా?"

"ఉంటాది మామా. నిరుడు బడికాడ ముగ్గు మీద కాలు పడిందని మోహన మామ మా అమ్మను పిలిపించినాడు. అందరి ముందరా అడిగినాడు, బిడ్డకు నేర్పీలేదా అని. అమ్మ రెండు రోజులు అన్నం తినలా." టేపు సర్రుమని లాగింది. "గోలు పడితే నన్ను తిడతారు. అది తొక్కితే అమ్మను తిడతారు."

"టీచరుకు చెప్పలేదా ఈ మాట?"

"చెప్తే పూజ వల్ల ఓడిపోయినామని నేనన్నట్టు అవతాది గదా."

పదహారేళ్ల పిల్ల, బంతి వస్తున్న ఆ రెండు క్షణాల్లో, ఇన్ని లెక్కలు వేసుకుని నిలబడింది. అంత తెలివిని మేము ఎందుకు ఖర్చు పెట్టించాం? దిష్టి తీస్తే పోతుంది అంటారు. పోయి ఎవరి మీద పడుతుందని నా బతుకులో ఒక్కసారైనా అడగలేదు. వెంకటేశ్వరస్వామికి రోజూ దీపం పెట్టేవాణ్ణి, ఆయన్నే అడిగి ఉండాల్సింది.

అక్కణ్ణుంచి నేరుగా నిర్మలమ్మ టీచరు ఇంటికి పోయి జరిగింది చెప్పాను. ఆమె లోపలికి పోయి కాగితమూ పెన్నూ తెచ్చింది.

"నోటిమాట చాలదన్నా. రేపు మోహన వచ్చి అట్లేం లేదంటాడు. కాగితం మీద రాసిస్తావా?"

నేను చదివింది ఎనిమిది. రాయడానికి గంట పట్టింది. ఫలానా రోజు ఆటలో గుమ్మడికాయ పగలగొట్టి, అంపైరు చెప్పినా ముక్కలు సరిగా తీయలేదనీ, పల్లవి అందువల్లే తన చోట నిలబడలేకపోయిందనీ, ఈ తప్పు నాదేననీ రాసి సంతకం పెట్టాను. టీచరు దాన్ని బడి నోటీసు బోర్డుకు అంటించింది. బుధవారం పంపిన పదహారు పేర్లలో పల్లవి పేరు ఉంది.

మోహన అన్నంత పనీ చేశాడు. కొత్త స్టిక్కులు రాలేదు, పాతవాటితోనే పోయారు. ముగ్గురూ మా బెంచీ మీద కూర్చోవడం మానేశారు. వరదయ్య పోతూ పోతూ, "సంతకం పెట్టినోడా, బాగుండావా?" అని అడిగి పోయేవాడు.

శనివారం తిరుపతికి పోయాను. ముందు తిరుచానూరు పోయి అమ్మవారి దర్శనం చేసుకున్నాను. జట్టు గెలవాలని అడగలేదు. అడగడానికి మొహం చాలలేదు. తప్పు చెప్పుకుని, తీర్థం తీసుకుని వచ్చాను.

మైదానంలో మెట్ల మీద ఒక చివర ఎస్తేరు ఒంటరిగా కూర్చుని ఉంది. పనికి సెలవు పెట్టి వచ్చిందట. ఆమె పక్కన కూర్చున్నాను. మాకు నాలుగు మెట్ల కింద ముగ్గురూ ఉన్నారు. రాకుండా ఉండలేరు కదా.

మనవాళ్లు ఒక గోలు ముందున్నారు. ఆఖరి అయిదు నిమిషాల్లో టీచరు కూర్చున్నవాళ్లలోనుంచి పల్లవిని లేపి పంపింది. టీచరు కూర్చున్నవాళ్లలోనుంచి పల్లవిని లేపి పంపింది.

"మళ్లీ అదే పిల్లనా!" అన్నాడు వరదయ్య, వెనక్కి తిరిగి, మాకు వినపడాలనే. "అయిపోయింది. ఇంటికి పోదాం పాండి."

ఎస్తేరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పల్లవి పోయి ఎడమ పోస్టుకు కాలు ఆనించి, కర్ర నేలకు వాల్చి నిలబడింది. బంతి లోపలికి వచ్చింది. అవతలి అమ్మాయి కొట్టింది. అదే మూలకు వచ్చింది. కర్రకు తగిలిన చప్పుడు మా దాకా వినిపించింది. బంతి పక్కగీత దాటి పోయింది.

"మన ఐరాల పిల్లప్పా!" హరినాథ్ ఎగిరి అరిచాడు.

"నేను చెప్పలా? పోస్టుకు కాలు ఆనించాలని నేను చెప్పలా?" వరదయ్య పక్కనున్న ముక్కూమొహం తెలియనివాళ్లకు చెబుతున్నాడు. మోహన రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టాడు. అందరికంటే గట్టిగా కొట్టాడు.

ఆ రోజు బెంచీ మీద వాళ్ల మాటలకంటే ఈ చప్పట్లు నాకు ఎక్కువ రోతగా అనిపించాయి. ఆ మాటల్లో కనీసం వాళ్లు అనుకున్నదే ఉంది.

మోహన ఫోను పట్టుకుని మా మెట్ల వైపు ఎక్కి వచ్చాడు. నన్ను చూడనట్టే దాటి, "ఎస్తేరమ్మా, రామ్మా, ఇట్లా రా. బిడ్డ మన ఊరి పరువు నిలబెట్టింది. ఫోటో తీసుకుందాం, రా" అన్నాడు.

ఎస్తేరు నా వైపు చూసింది, పోవాలా వద్దా అన్నట్టు. ఊళ్లో బతకాల్సింది ఆమె. ఒక్క ఫోటోకు నిలబడితే రేపటినుంచి నాలుగు మాటలు తగ్గుతాయేమో.

ఆమె మళ్లీ మైదానం వైపు తిరిగింది. అక్కడ పల్లవి కర్ర చంకలో పెట్టుకుని మోకాలి పట్టీ బిగించుకుంటోంది.

"ఆట ఇంకా అయిపోలేదన్నా" అంది ఎస్తేరు మోహనతో. "రోంత అడ్డం జరుగు. బిడ్డ కనపడలా."