ఒకరికి ఒక్కసారే

ఆ భవనంలో అరవై మూడు వాటాలు. ఏ కబురైనా ముందు రెండో అంతస్తు పెద్దమ్మ చెవిన పడాల్సిందే. ఆమె ఫోను అందుకుందంటే మోకాళ్ళ నొప్పితో మొదలుపెట్టి, అవతలివాళ్ళ పిల్లల పళ్ళ దాకా వెళ్ళి, ఆఖరున అసలు సంగతి చెప్పేది. చెప్పినవాళ్ళకే మళ్ళీ చెప్పేది. రేడియో అని పేరు పెట్టినా ఏమీ అనుకునేది కాదు.

ఈ పెద్దమ్మ చెల్లెలి కూతురు మూడో అంతస్తులో ఉంటుంది. కాలేజీలో లెక్కలు చెబుతుంది కనుక అందరికీ లెక్కల మేడమ్. గ్రాఫ్ థియరీ అని ఒకటుందట. మనుషుల్ని చుక్కలుగా పెట్టి, ఎవరి నుంచి ఎవరికి కబురు పోవాలో గీతలు గీస్తారు. ఎన్ని తక్కువ గీతలతో అందరికీ అందితే అంత గొప్ప. నీళ్ళ గురించో కరెంటు గురించో చెప్పాలంటే పూట గడిచిపోతోందని భవనం సెక్రటరీ వాపోతే, ఆ పని తాను చేసిపెడతానంది. ఫోనులో గ్రూపు ఉంది కదా అంటారేమో. ఉంది. పొద్దున లేస్తే వందల పువ్వుల బొమ్మలు వచ్చిపడుతుంటే అందరూ దాని నోరు నొక్కేశారు.

మేడమ్ ఒక ఆదివారమంతా కూర్చుని కాగితం తయారుచేసింది. సెక్రటరీ ఇద్దరికి ఫోన్ చేయాలి, ఆ ఇద్దరూ చెరో ఇద్దరికి, వాళ్ళు మళ్ళీ చెరో ఇద్దరికి. ఐదు మెట్లలో భవనమంతా చుట్టేస్తుంది. ఒక్క ఫోనూ దండగ కాదు. కాగితం అడుగున ఎర్ర సిరాతో రాసింది: ఒకరికి ఒక్కసారే చేయాలి, మళ్ళీ చేయకూడదు.

పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని తన చుక్కను వెతుక్కుంది. "నా కింద ఎవరూ లేరేమిటే?"

"నువ్వు చివర పెద్దమ్మా. విని ఊరుకోవడమే నీ పని."

"ఊరుకోవడమా? మీ పెదనాన్న నలభై ఏళ్ళు ప్రయత్నించి నేర్పలేకపోయారు," అని నవ్వింది కానీ, కాగితాన్ని మడిచి దిండు కింద పెట్టేసింది.

నెల తిరగకముందే ఒక పొద్దున పదింటికి నీళ్ళ ఆఫీసు నుంచి సెక్రటరీకి కబురొచ్చింది. ట్యాంకు కడిగే మందు నీళ్ళలో ఎక్కువ పడింది, సాయంత్రం దాకా ఎవరూ తాగకూడదు. సెక్రటరీ కాగితం ప్రకారం ఇద్దరికి చెప్పాడు. అందులో ఒకరు కింద వాటాలో బట్టలు కుట్టే టైలరమ్మ. టైలరమ్మ చెప్పాల్సిన ఇద్దరిలో ఒకరు మేడమే.

మేడమ్ అప్పుడు కాలేజీ స్టాఫ్ రూములో బోర్డు మీద చుక్కలు పెట్టి, తమ భవనంలో కబురు ఎంత చురుగ్గా తిరుగుతుందో తోటి లెక్చరర్లకు చెబుతోంది. ఫోను మోగింది. టైలరమ్మ పేరు చూసి, తాను కుట్టడానికిచ్చిన కోటు కొలతల కోసమై ఉంటుందిలే అనుకుని కట్ చేసింది. మళ్ళీ బోర్డు వైపు తిరిగింది.

ఆమె కింద పద్నాలుగు ఇళ్ళున్నాయి. పద్నాలుగింటికీ కబురు అందలేదు. పదకొండు మంది కడుపు పట్టుకున్నారు. పెద్దమ్మకు మధ్యాహ్నమంతా వాంతులే. నాలుగో అంతస్తులో గడియారాలు బాగుచేసే తాతకు ఆసుపత్రిలో రెండు రోజులు సెలైన్ ఎక్కించారు.

మర్నాడు సాయంత్రం మెట్ల దగ్గర మీటింగు పెట్టారు. సెక్రటరీ కాగితం మీద వేలు జరుపుకుంటూ వచ్చి ఆగాడు. "మేడమ్, మీకు ఫోన్ వచ్చిందా?"

"రాలేదండీ."

నోరు జారిన మాటైతే ఆ క్షణంలోనే సర్దుకోవచ్చు. ఇది తెలిసి అన్న మాట.

"నేను చేశానండీ," అంది టైలరమ్మ. "రెండు రింగులు మోగి ఆగిపోయింది."

"అయితే మళ్ళీ చేయొద్దూ?"

"చేయకూడదని రాసుంది కదండీ. మిషను ఎదురుగానే అంటించుకున్నాను."

"తప్పు కాగితం మీదికి నెడుతోంది చూడండి," అన్నారు వెనక నుంచి ఎవరో. "కుట్టుపనిలో పడి మర్చిపోయుంటుంది."

నీరసంగా గోడకు ఆనుకున్న పెద్దమ్మ కూడా మాట కలిపింది. "మా పిల్ల లెక్క ఎన్నడూ తప్పదు. వస్తే ఎత్తకుండా ఉంటుందా?"

మేడమ్ తల దించుకుంది. వినయమనుకున్నారు అందరూ.

ఆ వారమంతా టైలరమ్మ గుమ్మం ఎక్కినవాళ్ళు లేరు. కుట్టడానికిచ్చిన బట్టల్ని కుట్టకుండానే వెనక్కి పట్టుకుపోయారు నలుగురు. మేడమ్ మెట్లు దిగేటప్పుడు ఆ తలుపు ముందు అడుగు తేలిగ్గా వేసి దాటిపోయేది. ఎనిమిదో రోజున ఇక దాటలేకపోయింది.

"రండి. కోటు ఒకసారి వేసి చూడాలి," అంది టైలరమ్మ, ఏమీ జరగనట్టే. "చేతులు పైకెత్తండి."

మేడమ్ చేతులెత్తి నిలబడింది. టైలరమ్మ పంటి కింద గుండుసూదులు పెట్టుకుని ఒక్కొక్కటే గుచ్చుతోంది.

"ఆరోజు ఫోను కట్ చేసింది నేనే."

"తెలుసు." సూదులు తీసి చేతిలో పెట్టుకుంది. "ఎత్తకపోతే చాలాసేపు మోగుతుంది మేడమ్. నొక్కితేనే అలా మధ్యలో తెగిపోతుంది."

"మరి ఆ మాట మీటింగులో అనలేదేం?"

"కాగితం గీసింది మీరు. బట్టలు కత్తిరించేదాన్ని నేను. ఎవరి మాట నిలబడుతుంది?"

"సెక్రటరీగారితో చెబుతాను. కాగితం ప్రకారం ఆయన ఇద్దరికి చెబితే..." మేడమ్ మాట మధ్యలోనే ఆగిపోయింది. మళ్ళీ కాగితం చాటునే దాక్కుంటున్నానని తనకే తెలిసొచ్చింది.

"అబద్ధం మీ నోటితో చెప్పారు. ఇదీ మీ నోటితోనే వెళ్ళనివ్వండి," అంది టైలరమ్మ. "చేతులు దించొచ్చు."

మేడమ్ తన కింది పద్నాలుగు ఇళ్ళకూ బయల్దేరి, ముందుగా పెద్దమ్మ ఇంటి తలుపు తట్టింది. పెద్దమ్మ అంతా విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండడం మేడమ్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. "నిన్ను వెనకేసుకొచ్చి పాపం ఆ పిల్లని నలుగురిలో నిలబెట్టానే," అని మాత్రం అంది.

ఒక ఇంట్లో కూర్చోమన్నారు. ఒక ఇంట్లో తలుపు సగమే తీసి విని, అలాగే మూసేశారు. ఒకావిడ "పోనీలెండి, చదువుకున్నవాళ్ళు," అంది. అదే అన్నిటికంటే గట్టిగా తగిలింది. పదమూడు ఇళ్ళలోనూ అదే మాటను అంతే పొడవుగా చెప్పింది. ఎక్కడా కుదించలేదు.

ఆఖరుది గడియారాల తాత ఇల్లు. సెలైన్ సూది దిగిన చోట చెయ్యి ఇంకా కమిలే ఉంది. ఆయన కుర్చీ గుమ్మంలోకి లాక్కుని కూర్చుని విన్నాడు.

"నాకు ఒక చెవి పనిచేయదమ్మా. సగమే అందింది. మళ్ళీ చెప్పు."

వరండాలో రెండు తలుపులు తెరుచుకున్నాయి. మేడమ్ అటు చూసి, మళ్ళీ తాత వైపు తిరిగింది.

"ఫోన్ వచ్చింది తాతగారూ. నేనే కట్ చేసి, రాలేదని అబద్ధం చెప్పాను. టైలరమ్మ తప్పు ఏమీ లేదు," అని రెండోసారి, గట్టిగా చెప్పింది.